మీరెవరి తాలూకండీ?

నిన్న బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నా ముందు ఆగిన బండికి నంబరు ప్లేటు మీద 'ఎమ్మెల్యే గారి తాలూకా' అని స్టిక్కరు. అంకెలు సగం దాని కిందే పోయాయి. 2024 ఎన్నికలప్పుడు పిఠాపురం పేరుతో పాకిన సరదా ఇది. చలానా సంగతి పోలీసులు చూసుకుంటారు, నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది.

అరబ్బీలో 'తఅల్లుక్' అంటే సంబంధం. అదే రెవెన్యూ వాళ్ళకి తాలూకా అయింది, మన ఇళ్ళల్లో తాలూకు అయింది. పెళ్ళి భోజనాల్లో విస్తరి ముందు కూర్చోగానే పక్కాయన 'మీరెవరి తాలూకండీ?' అంటాడు చూడండి, అదే. ఆడపెళ్ళివారి తాలూకు అన్నామంటే మన మర్యాద వాళ్ళ పూచీ. అప్పడం రాకపోతే ఎవర్ని అడగాలో కూడా తేలిపోతుంది.

మరి ఓటేసింది మనం కదా, ఆయన మన తాలూకు కావాలి గానీ మనం ఆయన తాలూకు ఏంటి?

*బ్రాడీపేట నుంచి ఒకరి జవాబు:*
'ప్రజాప్రతినిధి' కూడా చూడండి. ప్రతినిధి అంటే ఒకదాని బదులు పెట్టింది. పూజలో 'ఆభరణార్థం అక్షతాన్ సమర్పయామి' అని నగ బదులు నాలుగు అక్షింతలు వేస్తాం. వేదకర్మల నియమాలు తేల్చే మీమాంసకులు ఇక్కడే మెలిక పెట్టారు. యజ్ఞంలో వాడే ద్రవ్యం దొరక్కపోతే బదులు వాడొచ్చట, యజ్ఞం చేయించుకునే యజమానికి మాత్రం బదులు కుదరదట, ఫలం ఆయనది కాబట్టి. మరి ఓటరు ద్రవ్యమా, యజమానా?

*ఇంకొకరు:*
తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో. ఫిరాయింపుల మీద 52వ రాజ్యాంగ సవరణా ఆ ఏడే. గోడ దూకేవాళ్ళని ఆపడానికి తెచ్చారు, మంచిదే. కానీ ఇలాగే ఓటెయ్యాలని పార్టీ విప్ ఇచ్చాక ఎమ్మెల్యే తన ఊరి మాట విని వేరేగా ఓటేస్తే సభ్యత్వానికే ఎసరు. పెళ్ళిలో ఆయన్ని అడిగినా 'పార్టీ తాలూకు' అనే చెప్పాలి.

*మళ్ళీ నేను:*
ఓటరు యజమానే అనుకుందాం. ఆయన స్వయంగా పీట మీద కూర్చునేది గ్రామసభలో. బెజవాడలో ఉన్న నాకు అదీ లేదు.

శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళెవరైనా ఉంటే ఒక్క మాట చెప్పండి. మీ దగ్గర 'తాలూకా' అంటే ఇంచుమించు 'యొక్క' అనేగా? అలాగైతే ఆ స్టిక్కరు తిరగేసి 'మా తాలూకా ఎమ్మెల్యే' అని కొట్టించుకోవచ్చు. ప్లేటు మీద కాదులెండి, పెట్రోలు ట్యాంకు మీద.