కాఫీకి నీడ తెగులు తెస్తుందా, ఆపుతుందా?

సీతమ్మధార బాల్కనీ: పాడేరు వైపు నర్సరీ నుంచి రెండు అరబికా కాఫీ మొక్కలు ఒకేసారి తెచ్చాను. ఒకటి సన్‌షేడ్ కింద, ఇంకోటి వాన పడేచోట పెట్టాను. ఈ వానలకి బయటి మొక్క ఆకు తిప్పి చూస్తే అడుగున నారింజరంగు పొడి, వేలికి పసుపులా అంటింది. తుప్పు తెగులే. లోపలిదానికి మచ్చ కూడా లేదు. అంటే నీడే మందు. కాదంటారా?

చింతపల్లి రైతు: కాదంటానండీ. మీ సన్‌షేడ్ చేసిన మేలు నీడ కాదు, వాన ఆపడం. ఆ పొడి అంతా తెగులు బీజాలే, ఆకు మీద నీటి చుక్క నిలవకపోతే అవి మొలకెత్తవు. చెట్టు నీడ కథ వేరు. మా సిల్వర్ ఓక్‌ల కింద వాన వెలిశాక కూడా చాలాసేపు టపటపా కారుతూనే ఉంటుంది. నీడ దట్టమైతే నల్లకుళ్లు కూడా వస్తుంది, ఆకులు నల్లబడి బూజు దారాలకి వేలాడతాయి. ఆ దృశ్యం చూస్తే నీడ మీద ప్రేమ పోతుంది.

అగ్రి స్టూడెంట్: నల్లకుళ్లు విషయంలో ఒప్పుకుంటాను బాబాయ్. కానీ తుప్పుకి లెక్క తిరగబడొచ్చు. ఎండలో ఉన్న అరబికా విరగకాస్తుంది, కాపు భారానికి ఆకులు నీరసించి తెగులుకి లొంగుతాయి. నీడ ఆ కాపుని అదుపులో పెడుతుంది. గోధుమ కంటిమచ్చ తెగులైతే ఎండలోనే ఎక్కువ.

చింతపల్లి రైతు: నీడ మొత్తం తీసెయ్యమని నేనెప్పుడన్నానమ్మా? వానాకాలానికి ముందే కొమ్మలు నరికి గాలి, వెలుతురు ఆడనిస్తాం. తర్వాత 0.5 శాతం బోర్డో మిశ్రమం: 200 లీటర్ల నీళ్లకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. ఆకు అడుగు తడవాలి, తుప్పు లోపలికి దూరేది అక్కడి రంధ్రాల నుంచే. పైపైన కొట్టి మందు పనిచెయ్యలేదనేవాళ్లని చాలామందిని చూశాను.

మర్రిపాలెం: మరి తోట మొత్తానికి ప్లాస్టిక్ పందిరి వేస్తే గొడవ ఉండదుగా?

చింతపల్లి రైతు: కొండవాలు మీద ఎకరాలకి పందిరా? గాలివానకి మీ మర్రిపాలెం దాకా ఎగిరొస్తుంది సార్. నారుమళ్లకైతే సరే.

సీతమ్మధార బాల్కనీ: సరే, ఓడిపోయాను. బయటి కుండీని కూడా సన్‌షేడ్ కిందకి జరిపాను.

అగ్రి స్టూడెంట్: అయ్యో, మంచి మొక్క పక్కనే పెట్టారా? ముందు వేరే మూలకి మార్చండి ఆంటీ. మచ్చలున్న ఆకుల్ని కవర్లో పెట్టి, పొడి రాలకుండా తుంచండి.