చిన్న యూనిట్‌కి అకౌంటెంట్ కావాలి: చేర్చుకునే ముందు ఏం పరీక్షించాలి?

ప్రశ్న (ఆటోనగర్ యూనిట్):
విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల యూనిట్ మాది, 14 మంది ఉన్నాం. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), జీఎస్టీ రిటర్నులు చూసుకునే మనిషి కావాలి. వచ్చినవాళ్లందరి దగ్గరా సర్టిఫికెట్ ఉంటోంది, అడిగినవాటికి చక్కగా చెబుతున్నారు. తీరా చేరాక బ్యాంకుతో లెక్క కలపడం రాదు. ముందే ఎలా కనిపెట్టాలండీ?

జవాబు 1 (లెక్కలపుస్తకం):
మాటలతో తేలదండీ, పని చేయించి చూడాల్సిందే. టాలీప్రైమ్ ఎడ్యుకేషనల్ మోడ్ (లైసెన్సు లేకుండా నేర్చుకోవడానికి వాడేది) చాలు. అందులో 1, 2, 31 తేదీలే పడతాయి కాబట్టి బిల్లులు ఆ తేదీలతోనే తయారుచేయండి. గంట టైము, పది కాగితాలు ఇవ్వండి.

వాటిలో హైదరాబాద్ సరుకు బిల్లు ఒకటి పెట్టండి. సప్లయర్ జీఎస్టీ నంబరు 36తో మొదలవుతుంది, మీది 37తో. వేరే రాష్ట్రం సరుకు కాబట్టి ఐజీఎస్టీ పడాలి. ఒకే రాష్ట్రంలోని అమ్మకానికి వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కింద చీలిస్తే పునాదే లేదన్నమాట. పాడైన సరుకు వెనక్కి పంపిన కాగితం ఇంకొకటి. దానికి డెబిట్ నోట్ (సప్లయర్‌కి ఇవ్వాల్సింది అంతమేర తగ్గించే ఎంట్రీ) వెయ్యాలి. చాలామంది కొనుగోలు ఎంట్రీనే దిద్దేస్తారు. సప్లయర్ మాత్రం అసలు బిల్లు మొత్తాన్నే చూపించి ఉంటాడు, ఇక 2బీతో (సప్లయర్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టికతో) కలవదు.

బ్యాంకు స్టేట్‌మెంటు ఒక పేజీ ఇవ్వండి: క్లియర్ కాని చెక్కు ఒకటి, పుస్తకంలోకి ఎక్కని బ్యాంకు ఛార్జీ ఒకటి. తేడా ఎంతో, ఎందుకో చెప్పమనండి. తేడాని సస్పెన్స్ ఖాతాలోకి (తేలని లెక్కలు పడేసే ఖాతా) తోసేస్తే అక్కడితో ఆపేయండి. చివర్లో, 2బీ ప్రింటులో కనబడని కొనుగోలు బిల్లు. ‘ఈ నెల దీని క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీ తగ్గింపు) తీసుకోకూడదు, సప్లయర్‌కి ఫోన్ చెయ్యాలి’ అన్నారంటే, అది రిటర్నులు వేసిన చెయ్యే.

జవాబు 2 (హెచ్ఆర్ డెస్క్):
టెస్టు బాగుంది. మీ అసలు పుస్తకాలు మాత్రం ఇవ్వకండి, రేట్లూ కస్టమర్ల పేర్లూ బయటికి పోతాయి. అందరికీ ఒకే పేపరు పెట్టండి.

అనుభవం ఎంతో చూడాలంటే ఈపీఎఫ్ఓ (పీఎఫ్ సంస్థ) సైటులో సర్వీస్ హిస్టరీ వాళ్ల చేతే తెరిపించండి. చేరిన, మానిన తేదీలు ఉంటాయి. 20 మంది కన్నా తక్కువ ఉన్నచోట పీఎఫ్ ఉండకపోవచ్చు, అంతమాత్రాన అబద్ధమనుకోవద్దు. జీతం పడిన బ్యాంకు పేజీలు చూస్తే సరి. పాత యజమానిని ‘మంచివాడేనా?’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. ‘3బీ (పన్ను లెక్కతో వేసే జీఎస్టీ రిటర్ను) ఎవరు వేసేవారు, ఇతనా, బయటి ఆడిటరా?’ అని అడగండి. ఇప్పుడు పనిచేస్తున్న చోటికి మాత్రం అభ్యర్థి ఒప్పుకోకుండా ఫోన్ చెయ్యొద్దు, ఉన్న ఉద్యోగం ఊడుతుంది.

జవాబు 3 (పేరోల్):
అసలు ప్రకటనలోనే సగం తేలిపోతుంది. ‘అనుభవం గల అకౌంటెంట్ కావలెను, జీతం అర్హతను బట్టి’ అంటే బిల్లింగ్ కౌంటర్లో కూర్చున్నవాళ్లూ వస్తారు. జీతం ఎంతనుంచి ఎంతవరకో, నెలనెలా 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20లోపు 3బీ వెయ్యాలనీ, ఆ రోజుల్లో ఆలస్యమవుతుందనీ రాసేయండి. మీరు 10 మంది దాటారు కాబట్టి ఈఎస్ఐ ఉంటుంది. జీతం 21 వేల లోపైతే 0.75 శాతం కోత పడుతుందని ముందే చెప్పండి, లేకపోతే మొదటి నెలే గొడవ. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే అలవాటుంటే మానుకోండి. పని వచ్చినవాళ్లు అలాంటి చోట చేరరు.

ఆటోనగర్ యూనిట్:
చాలా థ్యాంక్సండీ. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు ఇవ్వక తప్పదా?

లెక్కలపుస్తకం:
అక్కర్లేదు. బ్యాంకులో మేకర్, చెకర్ అని రెండు యూజర్లు అడగండి. అకౌంటెంట్ చెల్లింపు ఎక్కిస్తారు, మీరు ఆమోదిస్తారు. జీఎస్టీ పోర్టల్లో మొబైలు, ఈమెయిలు మీవే ఉంచండి. మనిషి మానేశాక ఓటీపీ ఆ మనిషి ఫోనుకే వెళ్తుంటే 20వ తేదీ దాటిపోతుంది, ఆలస్య రుసుము మీ నెత్తిన పడుతుంది.