సమస్య: “మార్చినాను గాని మారలేదు”

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. కోడ్‌లో స్ట్రింగు అంటే అక్షరాల వరుస. అందులో అక్షరాలు మార్చే ‘రిప్లేస్’ అనే ఆదేశం మీదే పూరించాలి. కోడ్ ఏ భాషదైనా సరే, యతి మాత్రం తప్పకూడదు.

పాలకొల్లు:
రాజమండ్రి చోట రాజమహేంద్రమన్
మాట నుంచి చూడ మాట పాతె!
వచ్చినట్టి కొత్త వాక్యము విడిచితిన్
మార్చినాను గాని మారలేదు.
పైథాన్ భాషలో అరగంట తల కొట్టుకున్నాక తెలిసిందండి.

నిర్వాహకుడు: అసలు కిటుకు పట్టారు. పైథాన్ స్ట్రింగు పుట్టాక ఇక మారదు. రిప్లేస్ కొత్తదాన్ని చేసి చేతికిస్తుంది, ఓ పేరులో పెట్టుకోకపోతే గోదాట్లో కలిపేసినట్టే. ‘మాట నుంచి’ దగ్గర మాత్రం ఆగిపోయాను. మాటను ఉంచి అనా, మాటలోంచి అనా? ‘మాట పెట్టి’ అనండి, గణం చెడదు. ‘పాతె’ వాడుక మాట, పోనిద్దాం.

అంబాజీపేట: ఇది జావాస్క్రిప్ట్ కష్టం.
కాయ కాయ కాయ కాయని రాసితి,
బొండమనుచు మార్చ బొండమొకటె!
మొదటి కాయ తప్ప మూడును కాయలే
మార్చినాను గాని మారలేదు.

పాలకొల్లు: ఒకటి మారింది కదండీ! ‘మారలేదు’ అంటే ఎలా?

అంబాజీపేట: మూడు కాయలు మిగిలాక మారినట్టేనా అండీ, ఆయ్! మామూలు మాట ఇస్తే అక్కడ రిప్లేస్ మొదటిదాన్నే ముట్టుకుంటుంది. అన్నీ మారాలంటే మామూలు మాట బదులు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (వెతికే నమూనా) ఇచ్చి, దానికి ‘అన్నిచోట్లా’ అని చెప్పే ‘జీ’ తగిలించాలి, లేదా 2021 ప్రమాణంలో చేరిన రిప్లేస్‌ఆల్ వాడాలి.

నిర్వాహకుడు: పైథాన్‌లో అయితే నాలుగూ బొండాలయ్యేవి.

యానాం:
విలసలోని మొదటి ‘వి’కి ‘పు’ను పెట్టితి,
పులస యయ్యె పేరు, పులుసు పెట్ట
నోటికేమొ తెలిసె నుప్పుకడలి రుచి
మార్చినాను గాని మారలేదు.

నిర్వాహకుడు: నోరూరించారు! సముద్రంలో విలస, గోదారి ఎక్కితే పులస. ‘నో–ను’ యతీ కుదిరింది. కానీ కోడ్‌లో ఇలా చేసి చూశారా? మొదటి అక్షరం ఇమ్మంటే పైథాన్ ఇచ్చేది ఉత్త ‘వ’. కంప్యూటర్‌లో అక్షరాలకు అంకెలిచ్చే యూనికోడ్‌లో గుడి విడిగా ఉంటుంది. వ తీసి ప పెడితే...

యానాం: ‘పిలస’ వచ్చింది మాస్టారూ! సరే అని ‘వి’ మొత్తాన్నీ ‘పు’ చేశా. బిల్లులో ‘విలస విలువ’ కాస్తా ‘పులస పులువ’ అయి కూర్చుంది.

నిర్వాహకుడు: రిప్లేస్‌కి చివర్లో 1 అని లెక్క ఇవ్వండి, మొదటిదానితో ఆగుతుంది.

పాలకొల్లు: ‘మాట పెట్టి’ అని దిద్దానండి. పైన ఇంకా పాతదే కనిపిస్తోందేంటి?

అంబాజీపేట: సేవ్ కొట్టారా?