ఎవరూ ఓటేయని పెద్దాయన చెప్తే ప్రధాని దిగిపోవాలా? (ఇరాక్, సిస్తానీ)

గోదారోడు:
2019 నవంబర్ 29న కర్బలా జుమ్మా నమాజులో అయతొల్లా సిస్తానీ (నజఫ్ ఊళ్లో ఉండే ఇరాక్ షియాల పెద్ద మతగురువు) పంపిన సందేశం చదివారు, ఈ ప్రభుత్వానికి ఇచ్చిన మద్దతు మీద పార్లమెంటు మళ్లీ ఆలోచించుకోవాలని. సాయంత్రానికల్లా ప్రధాని అబ్దుల్ మహ్దీ రాజీనామా చేస్తానన్నాడు. ఇదేం ప్రజాస్వామ్యమండీ బాబూ?

పాతబస్తీ_చాయ్:
అన్నా, ముందురోజు నాసిరియాలో సర్కారు మీద నిరసన చేస్తున్నోళ్ల మీద కాల్పులైనయ్, పదుల మంది పోరగాళ్లు సచ్చిన్రు, అది ఇడిసిపెట్టినవ్. అసలు అక్కడ ఎలక్షన్లు తొందరగ వచ్చిందే సిస్తానీ పట్టుబడితే. 2003ల ఇరాక్‌ను నడిపిన అమెరికోడు బ్రెమర్, మేం పెట్టినోళ్లే రాజ్యాంగం రాస్తరన్నడు, ఈయన కాదు జనం ఎన్నుకున్నోళ్లే రాయాలె అని ఫత్వా (మతగురువు తీర్పు) ఇచ్చిండు. 2004 జనవరిల బాగ్దాద్‌ల లక్ష మంది దాకా రోడ్డెక్కిన్రు. 2005 జనవరి 30న ఓట్లు పడ్డయ్. తమాషా ఏందంటే ఆయనకే ఓటు లేదు, ఇరాన్ పౌరుడు గదా, పుట్టింది మష్హద్‌ల.

గోదారోడు:
సరే ఒప్పుకున్నా. మరి 2014 జూన్ 13 ఫత్వా మాటేంటి? మోసుల్ ఐసిస్ చేతిలో పడ్డ మూడ్రోజులకి ఆయుధం పట్టగలిగినోళ్లంతా రండి అన్నారు, వచ్చినోళ్లలో సగం మంది ఎవరి దండులో చేరారో చూడండి, హష్ద్ (ఆ సాయుధ దండుల కూటమి) పేరుతో ఆ మిలీషియాలే ఇవాళ పార్టీలు పెట్టుకుని సీట్లు గెలుస్తున్నాయి.

పాతబస్తీ_చాయ్:
ఫత్వాల ఉన్నది సర్కారు బలగాల్ల చేరుమని. సగం లెక్క నీకెవరు చెప్పిన్రో గానీ, మిలీషియాలు దాన్ని వాడుకున్నయ్ అన్నది మాత్రం నిజమే, గది నాగ్గూడ నచ్చదు.

మా ఇంట్ల సిస్తానీనే తఖ్లీద్ చేస్తం, అంటే మతం సంగతుల్ల ఆయన మాటనే పాటిస్తం, రోజా కాడికెళ్లి ఖుమ్స్ దాకా ఆయన చెప్పిన లెక్కనే. ఏడాది ఖర్చులు పోంగ మిగిలినదాంట్ల ఐదో వంతు తీసుడు. ఎవరూ జబర్దస్తీ చెయ్యరు, మేం ఎంచుకున్నం. ఇరాన్ ఖొమేనీ లెక్క మౌల్వీలే రాజ్యమేలాలె అని ఈయన అనడు.

బెజవాడ_బుల్లోడు:
2021లో పోప్ ఫ్రాన్సిస్ నజఫ్ వెళ్లినప్పుడు చూశా, కారు దిగి ఇరుకు సందులో నడుచుకుంటూ వెళ్లాడు, ఇల్లు చూస్తే అద్దెది. అంత పవర్ ఉన్నాయన అలా ఉన్నాడంటే గొప్పే బ్రో, కానీ ఇల్లు చిన్నదైనంత మాత్రాన పవర్‌కి లెక్క చెప్పక్కర్లేదా?

గోదారోడు:
అదే నేననేది. పైగా ఆయన పుట్టింది 1930లో. తర్వాత ఎవరు?

పాతబస్తీ_చాయ్:
నజఫ్‌ల వారసుణ్ణి ప్రకటించే రివాజు లేదన్నా. 1992ల అంతకుముందు పెద్ద మతగురువు ఖోయీ సాబ్ పోయినంక ఈయనే పెద్ద అని అందరికీ ఖాయం అవ్వనీకి ఏండ్లు పట్టింది.