టెలికాం కర్మాగారాలను ముంచింది దిగుమతులా, ఒక్క కొనుగోలుదారునే నమ్ముకున్న వ్యాపారమా?

రాజోలు పాఠకుడు:

తొండంగి, యు.కొత్తపల్లి మండలాల్లో కాకినాడ ప్రత్యేక ఆర్థిక మండలి కోసం భూములు సేకరించిన నాటి నుంచీ మన గోదావరి జిల్లాల్లో ఒక కోరిక తరచూ వినిపిస్తోంది. ఇంజనీరింగూ డిప్లొమా చదివిన మన పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో వలస పోనక్కర లేకుండా, సెల్‌ఫోన్లు గానీ టవర్ల సామగ్రి గానీ తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ ఒకటి ఇక్కడే పెట్టించాలన్నది ఆ కోరిక. అందులో తప్పేమీ లేదు. అయితే ఈ దేశంలో ఇదివరకు వెలసిన అటువంటి ఫ్యాక్టరీలు ఎలా పెరిగాయో, ఎలా మూతపడ్డాయో చూసుకోకుండా భూములూ రాయితీలూ ఇచ్చేద్దామనడం నాకు సమంజసంగా తోచడం లేదు.

1948లో బెంగళూరులో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ సంగతి ముందుగా చెప్పుకోవాలి. దాన్నే ఐటీఐ అంటారు. ఊరూరా ఉండే శిక్షణ సంస్థలతో దీనికి సంబంధం లేదు. తరువాతి దశాబ్దాల్లో శ్రీనగర్, నైని, రాయ్‌బరేలీ, పాలక్కాడ్, మాన్కాపూర్‌లలో కూడా యూనిట్లు పెట్టి, ఒక దశలో ముప్పై వేలకు పైగా ఉద్యోగులతో నడిచిన సంస్థ అది. ఈనాటికీ పూర్తిగా మూతపడలేదు గానీ, నష్టాలతో 2004లో, ఖాయిలా పడిన పరిశ్రమల సంగతి చూసే బీఐఎఫ్‌ఆర్ బోర్డు గడప తొక్కి బాగా చిక్కిపోయింది. టెలిఫోను కేబుళ్ళు తయారుచేయడానికి 1952లో ఏర్పడి, పశ్చిమ బెంగాల్‌లోని రూప్‌నారాయణ్‌పూర్‌తో పాటు మన హైదరాబాదులోనూ యూనిట్ నడిపిన హిందూస్తాన్ కేబుల్స్‌ను 2016 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం మూసివేయాలని నిర్ణయించింది. ఇక మూడవది ప్రభుత్వానిది కాదు. శ్రీపెరుంబుదూరులో 2006లో ఉత్పత్తి మొదలుపెట్టి, సుమారు ఎనిమిది వేల మందికి నేరుగా పని కల్పించిన నోకియా ఫోన్ల కర్మాగారం 2014 నవంబరు 1న ఆగిపోయింది.

సర్కారువి గనుక మూతపడ్డాయి అనేవారికి నోకియా ఉదంతం అడ్డం వస్తుంది. చైనా సరుకు ముంచింది అనేవారికి ఐటీఐ చరిత్ర అడ్డం వస్తుంది, ఎందుకంటే చైనా కంపెనీలు మన మార్కెట్లో బలపడక ముందే అక్కడ జబ్బు మొదలైంది. ఈ మూడింటికీ ఉన్న పోలిక ఒక్కటే అని నా అభిప్రాయం. మూడూ ఒక్క కొనుగోలుదారు కోసమే సరుకు తయారుచేశాయి, ఆ కొనుగోలుదారు మనసు మారిన రోజున మరొక గుమ్మం ఎక్కే అలవాటు వాటికి లేకపోయింది. ఒకే మిల్లుకు ధాన్యం తోలే రైతు ఎంత బాగా పండించినా, ధర చెప్పేది మిల్లరే గదా.

విశ్రాంత టెలికాం ఇంజనీరు, అమలాపురం:

రాజోలు పాఠకుడు గారు చెప్పిన చరిత్ర సరైనదే గానీ, తీర్పు మాత్రం విధానాలు చేసిన వారిని చాలా తేలికగా వదిలిపెడుతోంది. 2020 జనవరి చివరన స్వచ్ఛంద విరమణ తీసుకున్న 78 వేల పైచిలుకు బీఎస్ఎన్ఎల్ ఉద్యోగుల్లో నేనూ ఒకడిని. ఈ కర్మాగారాల సరుకును చేతులతో పట్టుకుని పనిచేసినవాడిగా రెండు సంగతులు చెబుతాను.

మన డెల్టాలో ఎక్కడ నాలుగడుగులు తవ్వినా నీరు ఊరుతుంది. సీసపు తొడుగులో కాగితం చుట్టిన పాత కేబుళ్ళున్న రోజుల్లో, కాలువలకు నీరు వదిలిన వారానికల్లా వీధులకు వీధులే ఫోన్లు మూగబోయేవి. తడిసిన కాగితం ఆరితే తప్ప లైను బతికేది కాదు. జెల్లీ నింపిన కేబుళ్ళు వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది. కాలువ గట్టు పక్క గుంతలో బకెట్టుతో నీరు తోడుకుంటూ కూర్చుని, వేళ్ళకు అంటిన జెల్లీని కిరోసిన్ గుడ్డతో తుడుచుకుంటూ, తెలుపు–నీలం జతతో మొదలుపెట్టి ఊదా–బూడిదరంగు జత దాకా ఇరవై ఐదు జతలనూ వరస తప్పకుండా కలిపి, పైన తొడుగు వేసి బ్లోలాంపుతో కాల్చి బిగిస్తే, ఆ జాయింటు కొన్ని వర్షాకాలాలను దర్జాగా తట్టుకునేది. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు కూలి స్తంభాలూ తీగలూ నేలపాలైనప్పుడు, భూమిలో ఉన్న ఆ కేబుళ్ళ విలువేమిటో మాకు బాగా తెలిసివచ్చింది. ఆ సరుకు ఈ దేశంలో తయారైనదే.

రెండవది, ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ రూపొందించిన గ్రామీణ ఎక్స్ఛేంజి, అంటే ఊరి ఫోన్ల లైన్లను కలిపే యంత్రం. 1984 ఆగస్టులో ఏర్పడిన సీడాట్‌కు 36 నెలల గడువూ 36 కోట్ల రూపాయలూ ఇచ్చారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటి 128 పోర్టుల ఎక్స్ఛేంజిని పెట్టారు. విదేశీ ఎక్స్ఛేంజిలకు చల్లటి గది కావాలి. దీనికి పంచాయతీ ఆఫీసు పక్క గదీ, ఒక సీలింగు ఫ్యానూ, బ్యాటరీలూ చాలు. మన లంక గ్రామాల ఉక్కలో, ఉప్పుగాలిలో వంద లోపు చందాదారులతో అవి నడవడం నేను చూశాను. కార్డు పాడైతే తీసి మరొక కార్డు గుచ్చేవాళ్ళం, అంతే.

మరి ఇంత చేతనైన వాళ్ళు ఎందుకు దెబ్బతిన్నారు? 1991 తరువాత ఎక్స్ఛేంజిల తయారీని ప్రైవేటుకూ విదేశీ కంపెనీలకూ తెరిచారు. 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంపై సంతకం పెట్టి, 2005 నాటికి టెలికాం పరికరాలపై దిగుమతి సుంకాన్ని సున్నాకు తెచ్చారు. టెండర్లలో అతి తక్కువ ధర వేసినవాడిదే ఆర్డరు. సొంత దేశంలో లాభాలు మూటగట్టుకుని ఇక్కడ నష్టానికైనా కోట్ చేయగల కంపెనీతో, ముప్పై వేల మంది జీతాలు మోస్తున్న సంస్థను ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమన్నారు. దీన్ని కొనుగోలుదారు మనసు మారడం అనడం మర్యాదగానే ఉంది గానీ, న్యాయంగా లేదు.

తణుకు వర్తకుడు:

ఇంజనీరు గారి జాయింట్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ జాయింట్ల అవతలి కొసన ఫోను కోసం ఎదురుచూసిన వాళ్ళలో నేనున్నాను. సొంత టెలిఫోను పథకం కింద ముందే డిపాజిట్ కట్టినవాళ్ళకు కూడా ఏళ్ళు పట్టేది. సాధారణ దరఖాస్తుదారుడి సంగతి చెప్పనే అక్కరలేదు. బియ్యం ధర కనుక్కోవడానికి ట్రంకాల్ బుక్ చేసి, లైను కలిసేసరికి మార్కెట్టు మూసేసిన రోజులున్నాయి. 1991 నాటికి ఇంత పెద్ద దేశంలో ఉన్న ఫోన్లు యాభై లక్షల చిల్లర. గిరాకీ కళ్ళ ముందుంది, పోటీ లేదు, ధర వాళ్ళు చెప్పిందే. అయినా నలభై ఏళ్ళలో జనానికి చాలినంత సరుకు ఇవ్వలేకపోయిన కర్మాగారానికి సుంకం గోడ ఇంకా ఎన్నేళ్ళు కట్టాలి?

పైగా పోటీ వచ్చాక కూడా ఐటీఐని గాలికి వదలలేదు. ప్రభుత్వ టెలికాం సంస్థల ఆర్డర్లలో 30 శాతం దానికి కేటాయించారు. పరీక్ష రాయకుండానే మూడో వంతు మార్కులు ఇచ్చినా తప్పిన విద్యార్థిని చూసి, ప్రశ్నపత్రం కఠినమైనది అనడం మాని ఇంకేదైనా మాట్లాడుకుందాం.

రాజోలు పాఠకుడు:

తణుకు వర్తకుడు గారి మాటలోనే నా వాదనకు బలం ఉంది. ఫోను కోసం వరుసలో నిలబడినది మీరు. కానీ ఆ కర్మాగారానికి మీరు కొనుగోలుదారు కారు. కొనుగోలుదారు టెలికాం శాఖ, ఆ శాఖ చేతి ఖర్చు ఢిల్లీలో ప్రణాళికా కేటాయింపుల్లో తేలేది, చాలాకాలం పాటు టెలిఫోను అంటే కలవారి విలాసమనే భావన ఆ కేటాయింపులను పిండేసింది. లక్షల మంది దరఖాస్తులు బీరువాల్లో ఉన్నా, శాఖ ఎన్ని లైన్లకు డబ్బు ఇస్తే అన్ని లైన్లకే సామగ్రి తయారయ్యేది. మీ ఆత్రుత కర్మాగారం గేటు దాకా ఎప్పుడూ చేరలేదు. మీరు నేరుగా కొనగలిగి ఉంటే, వాళ్ళు మీకోసం త్వరపడి ఉండేవారు, లేదా మీరు మరొకరి దగ్గరకు వెళ్ళి ఉండేవారు.

ఇంజనీరు గారు సుంకాల గురించి చెప్పినది కాదనను. కానీ సుంకం తగ్గకముందే ఆ సంస్థ ఒంట్లో ఎన్ని బరువులు పెట్టారో చూడండి. కొత్త యూనిట్లు ఎక్కడ పెట్టాలన్నది ఇంజనీర్లు తేల్చిన విషయం కాదు. రాయ్‌బరేలీ ఎవరి నియోజకవర్గమో మనందరికీ తెలుసు. ఒక యూనిట్‌లో స్ట్రోజర్, మరొకదానిలో క్రాస్‌బార్ అనే పాతకాలపు ఎక్స్ఛేంజిలు, మాన్కాపూర్‌లో ఫ్రాన్సు నుంచి తెచ్చిన ఈ10బీ డిజిటల్ ఎక్స్ఛేంజి, ఇంకొక వైపు సీడాట్. ఏది ఎంతకాలం కావాలో చెప్పేది కూడా ఆ ఒక్క శాఖే. యజమానీ ప్రభుత్వమే, కొనేదీ ప్రభుత్వమే అయినప్పుడు ఖర్చుకు కొంత లాభం కలిపి ధర కట్టుకుంటే సరిపోయేది. అటువంటి ఇంట్లో పెరిగినవాడికి 30 శాతం కేటాయింపు మందు కాదు, అలవాటుకు పొడిగింపు.

కాకినాడ పాలిటెక్నిక్ ఉపాధ్యాయుడు:

సర్కారు సంస్థలకు మీ సిద్ధాంతం సరిపోవచ్చు. నోకియాకు ఎలా అతికిస్తారు? ఆ ఫోను కొన్నవాళ్ళు కోట్ల మంది. మన రావులపాలెం అరటి మార్కెట్లో కూలీ జేబులో కూడా ఆ ఫోనే ఉండేది. అది మూతపడటానికి పన్ను తగాదా చాలు: 2013లో ఆదాయపు పన్ను శాఖ రెండు వేల కోట్లకు పైగా కట్టమంది, తరువాత తమిళనాడు ప్రభుత్వం అమ్మకపు పన్ను కింద ఇంకో 2,400 కోట్లు అడిగింది, ఆస్తుల బదిలీకి కోర్టు అడ్డుపడింది. ఇందులో కొనుగోలుదారు ప్రసక్తి ఎక్కడుంది?

నన్ను ఇంతకన్నా కలవరపెట్టేది వేరొకటి. మా విద్యార్థుల్లో కొందరు ఇతర రాష్ట్రాల్లో ఫోన్ల అసెంబ్లీ లైన్ల మీద పనిచేసి తిరిగివచ్చారు. వారిలో ఒక అమ్మాయిని ఏం నేర్చుకున్నావమ్మా అని అడిగితే, బెల్టు మీద వచ్చిన బోర్డును జిగ్ అనే పరీక్షించే చట్రంలో పెట్టి, పచ్చ లైటు వెలిగితే కుడివైపుకూ ఎర్ర లైటు వెలిగితే ఎడమవైపుకూ వేయడం అని చెప్పింది. ఎర్ర లైటు ఎందుకు వెలిగిందో చూసే పని ఆమెది కాదు. మూడేళ్ళ ఎలక్ట్రానిక్స్ డిప్లొమాకు అది తగిన పనేనా? ఫ్యాక్టరీ వస్తే ఎన్ని ఉద్యోగాలు అని లెక్కపెడుతున్నాం గానీ, అది పోయాక ఆ పిల్లల చేతిలో ఏ విద్య మిగులుతుంది అని ఎవరూ అడగడం లేదు.

రాజోలు పాఠకుడు:

మాస్టారూ, నోకియాకు అతికించనక్కర లేదు, అదే అతుక్కుంటుంది. అరటి మార్కెట్ కూలీ ఫోను కొన్నది నోకియా కంపెనీ దగ్గర. శ్రీపెరుంబుదూరు కర్మాగారం దగ్గర కాదు. ఆ కర్మాగారం సరుకు తీసుకునేది ఫిన్లండులోని దాని యజమాని వ్యవస్థ ఒక్కటే. 2014 ఏప్రిల్‌లో నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మినప్పుడు, మీరు చెప్పిన పన్ను తగాదా వల్ల ఈ కర్మాగారం అమ్మకంలో చేరలేదు. కొన్ని నెలలు మైక్రోసాఫ్ట్‌కు ఒప్పందం మీద ఫోన్లు చేసిపెట్టింది. మైక్రోసాఫ్ట్ ఆ ఒప్పందాన్ని నవంబరు 1 నుంచి ఆపేసింది. అంటే తగాదా కాళ్ళు కట్టేసింది, ఊపిరి ఆపినది మాత్రం ఆ ఒక్క ఒప్పందం రద్దు. నోకియాను నమ్ముకుని పక్కనే నడిచిన ఫాక్స్‌కాన్ యూనిట్ కూడా డిసెంబరులో పని ఆపింది. అప్పటికి అక్కడి యంత్రాలు పాతబడలేదు, పనివాళ్ళకు చేతకాకపోవడమూ లేదు.

మీ విద్యార్థిని చెప్పిన ఎర్ర లైటు మాట మాత్రం ఈ చర్చలో అందరికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. డిజైన్ ఎక్కడ జరిగితే ఆ లైటు సంగతి అక్కడే తేలుతుంది. సీడాట్ ఎక్స్ఛేంజిలో పోయిన కార్డు ఎందుకు పోయిందో చెప్పగలవాళ్ళు ఈ దేశంలోనే ఉండేవారు.

విశ్రాంత టెలికాం ఇంజనీరు, అమలాపురం:

రెండో కొనుగోలుదారు ఎక్కడి నుంచి వస్తాడన్నదే నా ప్రశ్న. ప్రైవేటు ఆపరేటర్లు ఏళ్ళ తరబడి ఎరిక్సన్, నోకియా, హువావే, జడ్‌టీఈల దగ్గరే కొన్నారు. చైనా కంపెనీలు అప్పుతో సహా సరుకు తెచ్చి ఇచ్చాయి. మన పరికరం బాగుందని చెబితే, ఇది ఇంతకుముందు ఎక్కడ లక్ష సైట్లలో నడిచిందో చూపండి అనేవారు. నడిపే అవకాశం ఇవ్వకుండా నడిచిన చోటు చూపమంటే ఎలా? చివరకు అవకాశం ఇచ్చినది మళ్ళీ ప్రభుత్వ సంస్థే. బీఎస్ఎన్ఎల్ 4జీ కోసం టీసీఎస్, తేజస్ నెట్‌వర్క్స్, సీడాట్ కలిసి తయారుచేసిన దేశీయ వ్యవస్థ సుమారు లక్ష సైట్లలో పెట్టారు. 2025 సెప్టెంబరు 27న దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. అందులో ఐటీఐకి కూడా కొంత వాటా దక్కింది. 2021 నుంచి, నమ్మకమైన వనరులుగా ప్రభుత్వం ఆమోదించిన కంపెనీల నుంచే పరికరాలు కొనాలన్న నిబంధన ప్రైవేటు ఆపరేటర్లకూ వర్తిస్తోంది. కొనేవాడు తనంతట తాను పుట్టడు, విధానమే వాడిని పుట్టిస్తుంది. 1997లో మనం చేసినది దీనికి సరిగ్గా తలకిందుల పని.

తణుకు వర్తకుడు:

విధానం పుట్టించిన కొనుగోలుదారు విధానం మారగానే పోతాడు. 2021లో టెలికాం పరికరాల తయారీకి 12,195 కోట్లతో ప్రకటించిన ఉత్పత్తి ప్రోత్సాహకాలకూ గడువుంది. శ్రీసిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలు వచ్చాయి గనుక మనకూ కావాలని మన ప్రజాప్రతినిధులు అడిగితే అడగనివ్వండి. కానీ వచ్చే కంపెనీ ఎవరైనా సరే, ప్రోత్సాహకం ఆగిన ఏడాది తన సరుకు ఎవరెవరు కొంటారో, అందులో ఏ ఒక్కరి వాటా సగానికి మించుతుందో కాగితం మీద చూపాలి. మాస్టారు అడిగిన విద్య మిగలాలంటే డిజైన్, మరమ్మతు విభాగాలు మొదటి రోజు నుంచే ఇక్కడ ఉండాలి. భూమి మాత్రం లీజుకే, అదీ ఫ్యాక్టరీ నడిచినంత కాలమే. కౌలు రైతుకు పెట్టే షరతు కంపెనీకి పెట్టడానికి మొహమాటం అక్కరలేదు.