ఉప్పునీటికి అద్దాల వేడా, ప్యానెల్ కరెంటా?

నీటిచుక్క:
సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడానికి ముందు సోలార్ ప్యానెల్‌తో కరెంటు తీసి, దాంతో పంపు తిప్పి, నీటిని వదిలి ఉప్పును ఆపే ఆర్‌ఓ పొరలోంచి తోయడం ఎందుకండీ? ప్యానెల్ పట్టేది ఎండలో ఐదో వంతే. అద్దాలు పెట్టి ఎండను ఒకచోట చేరిస్తే సగానికి పైగా వేడిగా దొరుకుతుంది. నా ఓటు అద్దాలకే. కాదనేవాళ్లు లెక్కతో రండి.

పంపుమనిషి:
లెక్కే తీసుకోండి, అంతా కరెంటు బిల్లు యూనిట్లలోనే. వెయ్యి లీటర్లను ఆవిరి చేయడానికి సుమారు 630 యూనిట్ల వేడి కావాలి. ఆర్‌ఓకి 3, 4 యూనిట్ల కరెంటు చాలు. చదరపు మీటరు మీద రోజుకు 6 యూనిట్ల ఎండ పడిందనుకుందాం. ప్యానెల్ 1.2 యూనిట్లు ఇస్తుంది, అంటే 300 లీటర్లకు తక్కువ కాదు. మీ అద్దం సగం పట్టినా ఐదు లీటర్లు నిండవు. ఐదో వంతు అని ప్యానెల్‌ని తీసిపారేశారు గానీ, అసలు మరిగించే పనే లేకపోవడం ఆర్‌ఓ గొప్ప.

నీటిచుక్క:
ఆవిరిని గాలికి వదిలేసేవాళ్ల లెక్క అది. మల్టీ ఎఫెక్ట్ డిస్టిలేషన్‌లో ఒక గదిలో పుట్టిన ఆవిరి మళ్లీ నీరయ్యేటప్పుడు వదిలే వేడితో పక్క గదిలో నీరు మరుగుతుంది. అక్కడ ఒత్తిడి తక్కువ కాబట్టి తక్కువ వేడికే పని జరుగుతుంది. స్పెయిన్‌లోని అల్మేరియా సోలార్ పరిశోధన కేంద్రంలో ఇలాంటివి 14 గదులు వరసగా ఉన్నాయి. దారిలో పోయేది పోగా ఒకే వేడిని పదిసార్లు వాడుకున్నట్టే.

పంపుమనిషి:
పదిసార్లు వాడినా 50 లీటర్లు. 300 ఎక్కడ, 50 ఎక్కడ!

గారదెబ్బ:
నేను కాలేజీ ప్రాజెక్టులో ఈ పని చేసి చేతులు కాల్చుకున్నవాణ్ని. డిష్‌కి అద్దం ముక్కలు అతికించి, వెలుగు కలిసేచోట రాగి గొట్టం చుట్ట పెట్టాం. మొదటి రెండు రోజులు చుక్కచుక్కా తేటగా పడింది. సంబరపడ్డాం. నాలుగో రోజుకి ధార దారంలా సన్నబడింది. గొట్టం కోసి చూస్తే లోపల తెల్లటి గార. స్క్రూడ్రైవర్‌తో పొడిచినా పెళుసుగా రేగడమే తప్ప ఊడలేదు.

మామూలు ఉప్పు వేడి నీళ్లలో ఇంకాస్త కరుగుతుంది. సముద్రపు నీటిలోనే ఉండే ఇంకో లవణం కాల్షియం సల్ఫేట్‌ది అడ్డం తిరిగిన బుద్ధి, వేడెక్కేకొద్దీ నీళ్లను వదిలి గొట్టానికి అతుక్కుంటుంది. అందుకే మీరు చెప్పిన గదుల ప్లాంట్లలో సాధారణంగా 70 డిగ్రీలు దాటనివ్వరు. ఇప్పుడు నా ప్రశ్న. 70 చాలినప్పుడు అద్దాలు దేనికి? కప్పు మీద పెట్టే మామూలు సోలార్ హీటరు చాలదా? పైగా అద్దం సూటిగా వచ్చే ఎండనే ఒడిసిపట్టగలదు. పల్చటి మబ్బు కమ్మినా ప్యానెల్ ఎంతోకొంత ఇస్తుంది, అద్దం ఇంచుమించు చేతులెత్తేస్తుంది.

ఒక్కచోట ఒప్పుకుంటాను. ఆ వేడికి ఇంకో పని కూడా ఉన్నప్పుడు. ఆస్ట్రేలియాలో పోర్ట్ అగస్టా దగ్గర 2016లో మొదలైన టమాటా క్షేత్రంలో 23,000కు పైగా అద్దాలు ఒక టవర్ మీదికి ఎండను పంపుతాయి. గ్రీన్‌హౌస్‌లకు వెచ్చదనం, కరెంటు, సముద్రపు నీటి నుంచి మంచినీరు, మూడూ ఆ వేడి నుంచే.

ల్యాబుకోటు:
అందరూ సముద్రం దగ్గరే ఆగిపోయారు. లీటరుకి 35 గ్రాముల ఉప్పున్న నీటిలో సగం మంచినీరు లాగేస్తే మిగిలిన దాంట్లో 70 గ్రాములుంటుంది. అక్కడి నుంచి మామూలు ఆర్‌ఓ పొరలకు కష్టం, ఉప్పు చిక్కబడేకొద్దీ పెంచాల్సిన పంపు ఒత్తిడిని తట్టుకోలేవు. ఆ చిక్కటి ఉప్పునీటిని ఎక్కడ పోస్తారు? దాన్ని ఇగర్చడానికి ఆవిరి పద్ధతి పనికొస్తుంది.

ఉప్పు కాదు, నీళ్లలో క్రిములే సమస్య అయితే మరిగించనే అక్కర్లేదు. 65 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచితే రోగం తెచ్చేవి చాలావరకు చస్తాయి. ఆవిరి చేయడానికి పట్టే వేడిలో పదో వంతు కూడా పట్టదు. ఫ్యాక్టరీ నీళ్లయితే మాత్రం జాగ్రత్త, తేలిగ్గా ఆవిరయ్యే సాల్వెంట్లు, అంటే వేరే పదార్థాలను కరిగించడానికి వాడే రసాయన ద్రవాలు, ఆవిరితో పాటే వచ్చి మంచినీటిలో కూర్చుంటాయి.

నీటిచుక్క:
సరే, సముద్రం మీకు వదిలేశాను. ఆర్‌ఓ వద్దన్న ఆ చిక్కటి నీళ్లు నా అద్దాలకివ్వండి.

పంపుమనిషి:
తీసుకోండి. గార గీకే పని కూడా మీదే.