గనేరియా, క్లమీడియా నెగెటివ్, అయినా మంట పోవడం లేదు. మైకోప్లాస్మా పరీక్ష ఎక్కడ?

మాది కావలి. మగ, 29. ఆరు వారాలుగా మూత్రం పోసేటప్పుడు మొదట్లో చురుక్కుమంటోంది. పొద్దున్నే లేవగానే అంగం చివర ఒక్క చుక్క, పల్చటి గంజిలా. డ్రాయరుకి అంటి ఎండితే అక్కడ అట్ట కడుతుంది. జ్వరం, పుండ్లు లేవు, గజ్జల్లో బిళ్ళ కట్టలేదు. ఇది మొదలవడానికి రెండు వారాల ముందు కండోమ్ లేకుండా కలిశాను.

నెల్లూరు డాక్టరు అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 ఒకే డోసు ఇచ్చారు. నాలుగు రోజులు హాయి, మళ్లీ మొదలు. తర్వాత డాక్సీసైక్లిన్ 100, రోజుకు రెండు, 7 రోజులు. సగం తగ్గింది, అంతే. హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ పరీక్ష), గనేరియా–క్లమీడియా పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) అన్నీ నెగెటివ్. యూరిన్ కల్చర్‌లోనూ ఏమీ పెరగలేదు.

కలయిక వల్ల అంటుకునే మైకోప్లాస్మా జెనిటాలియం అనే బ్యాక్టీరియా కూడా ఇలా మంట తెస్తుందని, దానికి కణగోడ ఉండదు కాబట్టి కణగోడనే దెబ్బతీసే సెఫిక్సిమ్ పనిచేయదని, మామూలు కల్చర్‌లో అది దొరకదని చదివాను. ల్యాబ్‌లో అడిగితే "మైకోప్లాస్మా అంటే ఊపిరితిత్తులది కదా సార్" అంటూ రక్తం తీయబోయారు! మందుల షాపాయనైతే మాక్సీఫ్లాక్సాసిన్ (ఇంకో యాంటీబయోటిక్) ఇచ్చేస్తానన్నాడు. పరీక్ష లేకుండా వద్దనుకున్నాను.

నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ మొదటి ధార మూత్రంతో ఈ పీసీఆర్‌కి శాంపిల్ తీసుకునే ల్యాబ్ ఎవరికైనా తెలుసా?